అస్తరులో దాచిన ఉత్తరాలు

మా బాపు మీద అనుమానం మొదట వచ్చింది అమ్మకు. దాన్ని పెంచి పెద్ద చేసింది మాత్రం నేనే. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

డెబ్బైల చివరి మాట. మేము పాతబస్తీ వదిలి మలక్‌పేటకు మారి అప్పటికి ఎనిమిదేళ్లు. నేను కంచన్‌బాగ్‌లో ఒక సర్కారు ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టును. బాపు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయన చదువంతా ఉర్దూలోనే సాగింది. తెలుగు మాట్లాడతాడు, తెలుగులో తిడతాడు, తెలుగు అక్షరం మాత్రం చదవలేడు. ఆయన ఈడువాళ్లలో అలాంటివాళ్లు మా పట్నంలో చాలామందే ఉండేవారు. నాకు తెలుగూ ఇంగ్లీషూ వచ్చు, ఉర్దూ మాట్లాడతాను గాని చదవలేను. అమ్మకు ఏ అక్షరమూ రాదు.

ప్రతి ఆదివారం పొద్దున్నే బాపు పాతబస్తీకి పోయేవాడు. ఎక్కడికని అడిగితే "పేపర్ చదవనీకి" అనేవాడు. మా పాత గల్లీ మొదట్లో ఉన్న హోటల్‌కు ఉర్దూ పేపర్ వస్తుందట. ఒక్క పేపర్ చదవడానికి నాలుగు గంటలా? అమ్మ పైకి ఏమీ అనేది కాదు, కానీ ఆయన వచ్చాక చొక్కా విప్పి తగిలిస్తే జేబులు తడిమేది.

ఒక ఎండాకాలం ఆదివారం, బాపు లేని వేళ, అమ్మ ట్రంకుపెట్టెలోని బట్టలు తీసి డాబా మీద ఎండబెడుతోంది. బాపు ఉద్యోగంలో చేరిన కొత్తలో వేసుకున్న నల్ల షేర్వానీ దులుపుతుంటే లోపల ఏదో గరగరమంది. లోపలివైపు కుట్టిన అస్తరు గుడ్డ ఒక పక్క ఉబ్బి ఉంది. అమ్మ దాన్ని వెలుగుకు పట్టి చూసి నన్ను కేకేసింది.

"ఈ కుట్టు చూడు. ఇది నా కుట్టు గాదు."

"దర్జీది కావచ్చు గదనే."

"దర్జీ గింత వంకరగ కుడ్తడా? ఎవరో చేత్తోని కుట్టిన్రు."

బ్లేడు తెచ్చి విప్పాను. ఐదు కాగితాలు. అన్నీ ఉర్దూ. బాపు చేతిరాత నేను ఎరుగుదును, అది కాదిది. అమ్మ వాటిని ముట్టుకోకుండా దూరం జరిగి కూర్చుంది. "ఏ ఆడిదో రాసింది," అంది. అక్షరం రాని మనిషికి అది ఆడవాళ్ల రాత అని ఎలా తెలిసిందో నేను అడగలేదు. నాకూ అదే అనిపించింది మరి.

"మీ బాపునే అడుగుదామా?" అంది కాసేపటికి.

నేనే వద్దన్నాను. "ఆయన చేతిల పెడితే ఉన్నదొకటుంటది, చదివేదొకటుంటది. దొంగనే పిలిచి పంచాయితీ చెప్పుమంటవా?"

అమ్మ షేర్వానీ మడత పెట్టింది. "వచ్చే ఆదివారం దాక చూస్త. అప్పటికి తేలకపోతే నల్లగొండ బస్సెక్కి మా అన్న దగ్గరికి పోత. ఈ ఈడుల నాకీ సిగ్గుచేటు వద్దు బిడ్డా," అంది. ఉత్త మాటలు చెప్పే మనిషి కాదు అమ్మ. నాకు భయమేసింది.

ఎవరితో చదివించాలి? మా వాడకట్టులో చూపిస్తే పొద్దుగూకే లోపు మలక్‌పేటంతా లొల్లి. పత్తర్‌గట్టి బజారులో సగం దుకాణాల వాళ్లకు బాపు తెలుసు. మా ఫ్యాక్టరీలో ఒక సెక్షన్‌లో చేసే పని ఇంకో సెక్షన్‌కు తెలియనివ్వరు, మా టిఫిన్ డబ్బా కూడా గేటు దగ్గర మూత తీసి చూస్తారు. అదే తెలివి వాడాను. ఒక మనిషికి ఒక ఉత్తరమే చూపించాలి. కథంతా ఏ ఒక్కరికీ తెలియకూడదు. ప్రతి కాగితం పైభాగాన పేర్లు, ఊళ్లు ఉంటాయి కదా, అందుకని దాన్ని వెనక్కి మడిచి రెండేసి గుండుసూదులు గుచ్చాను. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మంగళవారం సగం రోజు సెలవు పెట్టి పాతబస్తీలో దిగాను. ఈ ఎనిమిదేళ్లలో నేను అటు వెళ్లింది పెళ్లిళ్లకు గాజులు కొనడానికే. చార్మినార్ దగ్గర దిగడం, కొనడం, బస్సెక్కడం, అంతే. పెరిగి పెద్దయిన బస్తీకి చుట్టంలాగా వచ్చిపోయేదాన్ని. ఆ రోజు లోపలి గల్లీల్లోకి తిరిగాను. ఇళ్లు అవే, తలుపుల రంగులే మారాయి. గోనెపట్టా పరదాల వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టే ఉంది. ఇత్తడి గిన్నెలు కొట్టేవాళ్లు నేను పక్క నుంచి పోతుంటే సుత్తి ఆపారు. ఎందుకు ఆపినట్టు? బాపును ఎరిగినవాళ్లా? పైగా భుజాన సంచి వేసుకున్న మనిషి ఒకడు నాకు మూడుసార్లు ఎదురయ్యాడు. మూడోసారి ఇక ఊరుకోలేదు.

"ఏం భాయ్, పొద్దుటి సంది నా ఎనకాల తిరుగుతున్నవేంది?"

అతను బిత్తరపోయాడు. "అక్కా, నేను గీ అరుగు మీదకెల్లి లేవనే లేదు. మీరే మూడుసార్లు గిటే తిరిగిన్రు. గల్లీ తప్పిన్రా ఏంది?"

నిజమే. పెరిగి పెద్దయిన చోట దారి తప్పాను. అరుగు మీది వాళ్లు నవ్వుతుంటే తల వంచుకుని ముందుకు నడిచాను.

చివరికి పెళ్లి కార్డులు రాసే ఒక కాతిబు దుకాణం ఎక్కాను. గళ్ల లుంగీ కట్టుకున్న నడివయసు మనిషి, వేళ్లనిండా సిరా. కూర్చోబెట్టి ఛాయ్ తెప్పించాడు. నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి కింద పెట్టేశాను. నాకు అది అలవాటు, మా ఇంట్లోనైనా అంతే. ఆయన ఏమీ అనుకోలేదు. గుండుసూదుల వంక చూసి మాత్రం చిన్నగా నవ్వాడు, మడత కింది నుంచి చదివి చెప్పాడు.

"ఎవరో ఆమె రాయించింది, అమ్మా. బిడ్డ నడుస్తున్నదంట. నాయన ఏడున్నడంటే పట్నం దిక్కు చెయ్యి చూపిస్తదంట. నెల ఆఖర్ల వస్తనని రాలేదు, మమ్మల్ని ఎప్పుడు తీస్కపోతవు అని అడుగుతున్నది. కింద పేరు లేదు. 'ఇంటి నుంచి' అని ఉన్నదంతే."

ఇంటి నుంచి! అయితే ఇంకో ఇల్లు ఉందన్నమాట. ఆ ఇంట్లో ఒక పిల్ల కూడా ఉంది. ముక్కూమొహం తెలియని ఆ పిల్ల మీద నాకు ఎంత కక్ష పుట్టిందో చెప్పలేను. నా వాటా ప్రేమ ఎవరో సగం తినేసినట్టు ఒళ్లు మండిపోయింది. బస్సులో కూర్చుని ఏడ్చాను.

అమ్మకు ఉత్తరంలోని మాటలు చెప్పలేదు గాని, ఇంకో ఇల్లుంది, అక్కడో పిల్ల ఉంది అని చెప్పేశాను. దాచి ఉంటే బాగుండేది. ఆమె ఏడవలేదు. ఆ రాత్రి నుంచి బాపుతో మాట మానేసింది. అన్నం వడ్డించి పక్కకు పోయేది. శుక్రవారం నాటికి గుడ్డసంచిలో నాలుగు చీరలు సర్దుకుంది. "మీ అమ్మకేమైంది?" అని బాపు నన్ను అడిగితే, "నీకే తెలవాలె," అన్నాను. పెద్దమనిషి, దెబ్బ తిన్నట్టు చూశాడు. నాకు జాలి కలగలేదు. చూడు, ఎంత అమాయకంగా నటిస్తున్నాడో అనుకున్నాను.

శనివారం ఇంకో ఉత్తరం తీసుకుని మళ్లీ వెళ్లాను. ఆ ఇంకో ఇంటి సంగతి ఇంకా తెలియాలి నాకు. ఈసారి ఆడమనిషి అయితే మేలనిపించింది. గల్ఫ్ వెళ్లిన మగవాళ్ల ఉత్తరాలు చదివిపెట్టే ముసలామె ఒకామె ఉందని, అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తారని పాలబూత్ దగ్గర చెప్పారు. చిన్న వాకిలి, జామచెట్టు, నులక మంచం మీద తెల్లటి దుపట్టా వేసుకుని ఆమె. నా ముందు ఇద్దరు ఆడవాళ్లు చేతుల్లో కవర్లతో కూర్చుని ఉన్నారు. నా వంతు వచ్చేసరికి ఆమె గ్లాసులో నీళ్లిచ్చింది. వాసన చూసి తాగాను. కాగితం ఇచ్చాను. ఆమె గుండుసూదులు చూసి వెంటనే తిరిగి ఇచ్చేసింది.

"సగం ఖత్ నేను చదవ బేటీ. మొత్తం విప్పు, లేకుంటే తీస్కపో."

"పైన పేర్లే ఉంటయి ఖాలా. వాటితోని పని లేదు."

"నాకు పని ఉన్నది. సగం చదివి చెప్తే సంసారాలు కూలుతయి. మస్తు చూసిన."

వెనక ఇంకొకామె వచ్చి నిలబడింది. వేరే దారి లేక సూదులు తీశాను. ఖాలా ముందు తనలో తను మొత్తం చదువుకుంది. అది ఆమె పద్ధతట. చదువుతూ చదువుతూ ఒక్కసారి ఆగి, తలెత్తి నన్ను చూసింది. మళ్లీ చదివింది. తర్వాత తెలుగులో చెప్పింది.

"ఇక్కడ బిడ్డ సంగతి రాసింది. 'దీనికి మస్తు అనుమానం. పాలు పోసిస్తే ముందుగాల వాసన చూసి గాని తాగదు. మనుషుల్ని గూడ గట్లనే చూస్తది. నువ్వు వస్తే నిన్ను గూడ నమ్మదు, ఫికర్ చెయ్యకు.'"

నేను పక్కనున్న ఖాళీ గ్లాసు వంక చూశాను.

"ఇందాక నా నీళ్లు గూడ వాసన చూసినవ్ గద," అంది ఖాలా.

"ఖాలా, పైన... పైన ఏం రాసి ఉంది?"

ఆమె మా నాయనమ్మ ఊరి పేరు చదివింది, నేను పుట్టిన ఊరు. "తారీఖు ఫసలీల ఉన్నది. నిజాం జమానా లెక్క, ఇప్పుడెవరూ రాయరు. 'బిడ్డ తండ్రికి' అని మొదలుపెట్టింది. రాసిన దస్తూరీ మగమనిషిది, చెప్పి రాయించింది ఆడమనిషి. అప్పట్ల ఆడదాని పేరు ఖత్‌ల రాసేటోళ్లు గాదు. మీ అమ్మ ఉన్నదా బేటీ?"

ఉంది. సంచి సర్దుకుని కూర్చుంది.

ఎలా ఇంటికి వచ్చానో నాకు గుర్తులేదు. బాపు ముందుగదిలో కుర్చీలో ఉన్నాడు. అమ్మ వంటింటి గడపలో. నేను నిలబడే ఉండి ఇద్దరి ముందే చెప్పేశాను, పాలు వాసన చూసే సంగతితో సహా. అమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో... గవి నావేనా?" అంది. "నేను తలుపెనక నిలవడి తెలుగుల చెప్పేదాన్ని. ఊరి పంతులు అరుగు మీద కూసోని ఉర్దూల రాసెటోడు. కాయితం నేనెన్నడు చూడలే. ఎట్ల ఆనవాలు పడత?"

"ఆ కుట్టు ఎవరిది బాపూ?" అన్నాను. ఇంకా అనుమానం చావలేదు నాకు.

"నాదే. ఆఫీసుల దోస్తులు జేబుల చెయ్యి పెడుతుండె. వాళ్లు చదివి నవ్వుతరని కుట్టుకున్న." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా వంక చూడలేదు. "ఉర్దూ చదివెటోళ్లు ఆడ నలుగురున్నరని ఆదివారం ఆదివారం పోత. ఈ ఇంట్ల ఉర్దూ వచ్చినోణ్ని నేనొక్కణ్నే. కాయితాలు పట్నమంత తిప్పిన్రు. నన్ను ఒక్కమాట అడగకపోతిరి."

నాకు తల ఎత్తడానికి మొహం చెల్లలేదు. అమ్మే లేచి మిగతా కాగితాలు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"చదువు," అంది.

బాపు ఉర్దూలో చదివి తెలుగులో చెబుతుంటే అమ్మ గోడకానుకుని వింది. తను చెప్పిన మాటలు తను వినడం అదే మొదటిసారి. మధ్యమధ్య అడ్డం పడేది. "నేను గట్ల చెప్పలే. రాకుంటే బాయిల దుంకుత అని చెప్పిన. పంతులు మార్చిండు." బాపు నవ్వాడు. వారం తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

అన్నీ అయిపోయాయి. అమ్మ ఆఖరి కాగితం వైపు వేలు చూపించింది. "దీని ఆఖర్ల ఒక మాట చెప్పిన. రాసిండా?"

బాపు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "లేదు."

"తెలుసు. మా అత్త పక్కన్నే నిలవడి ఉండె. రాయొద్దని పంతులుకు సైగ చేసి ఉంటది."

"ఏం చెప్పినవ్?"

అమ్మ ఆయన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. "నువ్వు పోయి పాలు చూడు బిడ్డా. పొంగుతయేమో."

పొయ్యి మీద పాలు లేవు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా లేచి వెళ్లాను.