లోపలికి అన్న అవును

మంచుదేశపు చేపల రేవు మా దాల్విక్‌లో బాల్ద్విన్ ఎదుట పెద్దమనిషి తరహా ఎవరికీ చెల్లదు. మా దేశంలో ఈతకొలనులో దిగాలంటే ముందు ఒంటిమీద నూలుపోగు లేకుండా, సబ్బు పెట్టి శుభ్రంగా స్నానం చేయాలి. ఆ తరవాతే ఈతబట్టలు. ఆ స్నానం సరిగా జరుగుతోందా లేదా అని మగవాళ్ళ గదిలో నిలబడి చూసే ఉద్యోగం అతనిది. బ్యాంకు మేనేజరు మొదలుకొని చర్చి పాస్టరు దాకా ఊళ్ళో మగవాళ్ళందరినీ పుట్టినప్పటి వేషంలో చూసినవాడు. "చంకల్లో కూడా రుద్దు హాకోన్, దేవుడు చూడకపోయినా నేను చూస్తాను" అని పాస్టరుతోనే అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

పని అయ్యాక అతనూ స్నానం చేసి, ఆరుబయట వేడినీళ్ళ తొట్టిలో చేరేవాడు. మెడ దాకా నీళ్ళు, నెత్తిమీద మంచు, నోటినిండా మాటలు. చేపల ధర, గొర్రెల జబ్బు, ఎవరి అల్లుడు ఎవరి పడవ అమ్ముకున్నాడు, అన్నీ అక్కడే తేలేవి. ఎవరింట్లో గొడవైనా బాల్ద్విన్ సలహా ఒకటే. "ఇక్కడ నానుతూ కూర్చుంటే ఏం లాభం? ఇంటికెళ్ళి ఆవిడతో మాట్లాడవయ్యా."

అంత సలహా చెప్పి ఇంటికెళ్ళినవాడు తను మాత్రం మాట్లాడేవాడు కాదు. ఉన్న మాటలన్నీ తొట్టిలోనే ఖర్చయిపోయేవి.

మావాళ్ళకొక అలవాటుంది. అవును అనడానికి గొంతెత్తక్కర్లేదు, గాలి లోపలికి పీలుస్తూ "యౌ" అంటే చాలు. వినడానికి ఉలిక్కిపడ్డట్టుంటుంది. కొత్తవాళ్ళు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిన సందర్భాలున్నాయి. ఇంట్లో బాల్ద్విన్ మాట్లాడే భాష మొత్తం అదే. సూప్ వేడి చేయనా? యౌ. బయట గాలి బాగా ఉందా? యౌ. అమ్మాయి ఫోన్ చేసింది, నిన్ను అడిగింది. యౌ.

అతని భార్య దాగ్నీ పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. "పొద్దంతా నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళతో గడిపి, సాయంత్రానికి నోరు తెరవనివాడి దగ్గరికొస్తాను" అని మొదట్లో నవ్వుతూ అనేది. కొన్నేళ్ళకు నవ్వడం మానేసింది, ఇంకొన్నేళ్ళకు అనడమూ మానేసింది. రెండోది మానేసిన సంగతి బాల్ద్విన్‌కు తెలియలేదు.

ఒక శీతాకాలం మధ్యాహ్నం అతను మంచు తీసే పార కోసం ఇంటి వెనక షెడ్డులోకి వెళ్ళాడు. వంటింటి కిటికీ కాస్త తెరిచి ఉంది. దాగ్నీ తన చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతోంది.

"నాకేం కావాలే రాంకా. ఒక గది, ఒక కిటికీ, లోపల్నించి వేసుకునే తలుపు. అంతే." కాసేపు అవతలివైపు మాట వింది. "కోపమా? అబ్బే, కోపమేం లేదు. కోపమన్నా ఉంటే బాగుండేది."

బాల్ద్విన్ పార పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఆ తరవాత మా వాకిలి, పక్కవాళ్ళ వాకిలి, ఎవరూ అడగని వీధి మలుపు కూడా శుభ్రం చేశాడు. మేమంతా మెచ్చుకున్నాం. మాకేం తెలుసు.

ఆమె వెళ్ళిపోదలుచుకుందా, ఉండదలుచుకుందా? అడిగితే తేలిపోతుంది. ఒక్క వాక్యం. ఆ వాక్యం దాల్విక్‌లో నోటికి రాదని అతనికి తెలుసు. అందుకని విమానం టిక్కెట్లు కొన్నాడు. ముందు కోపెన్‌హాగన్, అక్కణ్ణించి జ్యూరిక్ మీదుగా పోర్తో. పరాయి ఊళ్ళో వేడినీళ్ళ తొట్టి ఉండదు, స్నేహితులుండరు, దాగ్నీతో తప్ప మాట్లాడ్డానికి మనిషే ఉండడు. అప్పుడైనా నోరు పెగలదా అని అతని లెక్క.

కోపెన్‌హాగన్‌లో పెగల్లేదు. వంతెన మీద నిలబడి "దాగ్నీ" అన్నాడు. ఆమె తిరిగి చూసింది. "టోపీ పెట్టుకో, చల్లగాలి" అన్నాడు. కాఫీ హోటల్లో మళ్ళీ మొదలుపెట్టి, ఆమె మొహంలోకి అదే పనిగా చూశాడు.

"ఏంటలా చూస్తావు?" అంది దాగ్నీ. "చంకల్లో సబ్బు రుద్దుకున్నానా లేదా అనా?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ కేకు ఇటు జరుపు."

జ్యూరిక్ వెళ్ళే విమానం ఆలస్యమైంది. మొదట అరగంటన్నారు, తరవాత గంటన్నారు, ఆ తరవాత ఏమీ అనడం మానేశారు. గేటు దగ్గర ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఎదురుగా బోర్డు మీద మారే అంకెల్ని సినిమా చూసినట్టు చూశారు. చివరికి జ్యూరిక్‌లో దిగేసరికి పోర్తో విమానం వీళ్ళ కోసం ఆగలేదు. ఆ తరవాతి విమానం పొగమంచు వల్ల రద్దయింది. దిక్కులేకుండా మిగిలిన ప్రయాణికులంతా ఒక కౌంటరు ముందు బారు తీరారు. రాత్రి బసకు హోటల్ గది, భోజనానికి కూపన్ అక్కడే ఇస్తున్నారు.

వీళ్ళ వంతు వచ్చింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి పొద్దున్నించీ నిలబడ్డ మనిషిలా ఉంది. రెండు పాస్‌పోర్టులూ తెరిచి చూసింది. బాల్ద్విన్ కేటిల్సన్. దాగ్నీ హెర్మాన్స్‌దోత్తిర్. కేటిల్ కొడుకు, హెర్మాన్ కూతురు. మాకు ఇంటిపేర్లుండవు. ఎవరి తండ్రి పేరు వాళ్ళది, పెళ్ళయినా అంతే, సమాధిరాయి మీదా అంతే. ఆ అమ్మాయికి మాత్రం ఇద్దరు అపరిచితులు కనిపించారు.

"మీరిద్దరూ కలిసి వచ్చారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"యౌ" అన్నాడు బాల్ద్విన్, గాలి లోపలికి పీలుస్తూ.

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. ముసలాయనకు ఆయాసం అనుకున్నట్టుంది. జవాబు కోసం దాగ్నీ వైపు తిరిగింది. దాగ్నీ చేతిసంచీ జిప్పు లాగుతోంది. ఆ జిప్పు అప్పటికే మూసి ఉంది.

మళ్ళీ చెప్పొచ్చు. మా ఆవిడ అనొచ్చు. రెండు చిన్న మాటలు. కానీ బాల్ద్విన్ జిప్పునే చూస్తూ నిలబడ్డాడు. ఆమె చెప్తుందేమోనని చూశాడు. చెప్తే బాగుండునని చూశాడు. ఇన్నాళ్ళూ మోసుకొచ్చిన ప్రశ్నను ఎవరో పరాయి పిల్ల ఇంత తేలిగ్గా అడిగేసింది, ఇప్పుడు జవాబు వస్తుంది.

"వేరే వేరే హోటళ్ళలో ఒక్కో గది ఉంది, ఏమీ అనుకోకండి" అంటూ ఆ అమ్మాయి రెండు కాగితాలు ఇటు తోసింది. వెనకాయన పెట్టె బాల్ద్విన్ మడమకు తగిలింది. ఇద్దరూ పక్కకు జరిగారు.

"వెనక్కెళ్ళి చెప్పనా?" అన్నాడు బాల్ద్విన్.

"ఆ వరస చూశావా ఎంతుందో" అంది దాగ్నీ.

ఆమె హోటల్ బస్సు ముందు వచ్చింది. ఎక్కి కూర్చుని, అద్దంలోంచి చెయ్యి ఊపింది. పళ్ళ డాక్టరు దగ్గర పనైపోయిన వాళ్ళకు ఊపినట్టే.

గదిలోకి వెళ్ళి చూసుకుంటే, బస్సుల హడావిడిలో సంచులు తారుమారై, చేతిలో ఉన్నదాంట్లో తన సామానేం లేదు. ఆమె రాత్రి గౌను, మొహానికి రాసుకునే క్రీము, చదువుకునే కళ్ళజోడు ఉన్నాయి. ఫోన్ చేశాడు.

"నీ కళ్ళజోడు నా దగ్గరుండిపోయింది."

"పర్లేదు, ఇక్కడ చదవడానికేం లేదు."

"గౌను కూడా."

"వేసుకో" అంది దాగ్నీ. ఫోన్లో చిన్న నవ్వులాంటిది వినిపించింది. ఇంకేమైనా అంటుందేమోనని అతను చూశాడు, అతను అంటాడేమోనని ఆమె చూసింది కాబోలు. "సరే మరి" అన్నారు ఇద్దరూ.

కింద భోజనాల హాల్లో కూపన్ చూపించి కూర్చున్నాడు. వడ్డించే కుర్రాడు వచ్చి ఎదుటి కుర్చీ ముందున్న పళ్ళెం, గ్లాసు, చెంచాలు చప్పుడు కాకుండా తీసుకుపోయాడు. అది మర్యాద కోసమే చేశాడు. బంగాళాదుంపలు బాగానే ఉన్నాయి. బాగున్నాయని చెప్పడానికి మాత్రం మనిషి లేడు.

ఆ హోటల్లో ఈతకొలను ఉందని బోర్డు చూసి ప్రాణం లేచొచ్చింది. నాలుగు మెట్లు దిగి చూస్తే, ఒక లావుపాటి ఆసామి గదిలోంచి తెల్ల అంగీతో వచ్చి, అంగీ విప్పి, స్నానం గీనం లేకుండా నేరుగా నీళ్ళలో దిగబోతున్నాడు. బాల్ద్విన్ ఆగలేకపోయాడు.

"ముందు స్నానం. సబ్బుతో."

ఆసామి కాలు గాల్లోనే ఆపాడు. "మీరు ఇక్కడ పనిచేస్తారా?"

"అవును" అన్నాడు బాల్ద్విన్. ఆ అవును మాత్రం ఎంత గట్టిగా బయటికొచ్చిందంటే, టైల్స్ గోడలకు కొట్టుకుని రెండుసార్లు వినిపించింది.

ఆసామి బుద్ధిగా వెళ్ళి స్నానం చేసొచ్చాడు. కాసేపు ఈది పైకొచ్చి, "తువ్వాలు" అని చెయ్యి చాచాడు. చేసేదేముంది, బాల్ద్విన్ వెతికి తెచ్చిచ్చాడు. ఇంకో ఇద్దరు వచ్చారు, వాళ్ళకూ ఇచ్చాడు. తడి తువ్వాళ్ళు బుట్టలో వేశాడు, నేలమీది నీళ్ళు తుడిచాడు. ఒక ముసలావిడ అతని చేతిలో చిల్లర పెట్టి వెళ్ళింది. ఆ సాయంత్రమంతటికీ అతను మనిషిలా బతికింది ఆ కాసేపే. గదికెళ్ళి మంచం మీద కూర్చున్నాక, పక్క దిండు మీద ఆమె కళ్ళజోడు పెట్టాడు. కాసేపు చూసి, మళ్ళీ తీసి సంచీలో పెట్టేశాడు.

పొద్దున్న విమానాశ్రయంలో దాగ్నీ అతనికంటే ముందే వచ్చి కాఫీ తాగుతోంది. జుట్టు దువ్వుకుంది. కళ్ళ కింద నలుపు లేదు. అతను ఎదురుగా వెళ్ళి నిలబడి, చెయ్యి చాచి, "పోయినసారి కలిసినప్పటికి చాలా థాంక్స్" అన్నాడు. ఎవరింట్లోనైనా భోంచేసి, మళ్ళీ కలిసినప్పుడు మావాళ్ళు అనే మాట అది. ముఖపరిచయం ఉన్నవాళ్ళతో అంటారు, పెళ్ళాంతో అనరు.

దాగ్నీ నవ్వింది. కాఫీ ఒలికేంతగా నవ్వింది. ఈ ప్రయాణంలో అదే మొదటిసారి. ఆ నవ్వు చూశాక బాల్ద్విన్‌కు ధైర్యం వచ్చింది.

"నిన్న ఆ అమ్మాయి అడిగినప్పుడు నువ్వేం అనలేదేం?"

"నువ్వన్నావా?"

"అన్నాను."

"లోపలికి అన్నావు."

"అంటే, నీకు వినిపించింది."

దాగ్నీ కప్పు కింద పెట్టింది. "వినిపించింది. ఆ పిల్లకు అర్థం కాలేదనీ తెలుసు. నేను చెప్పాలనీ తెలుసు." ఒలికిన కాఫీని కాగితంతో అద్దింది. "నోటిదాకా వచ్చింది బాల్ద్విన్. వచ్చి ఆగిపోయింది. ఆపింది నేనే."

తడిసిన కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. మళ్ళీ తనే అంది.

"రాత్రి తలుపేసుకుని కూర్చున్నాను. ఏడుపొస్తుందేమో చూద్దామని కూర్చున్నాను. రాలేదు. నిద్రొచ్చింది. ఇన్నేళ్ళలో అంత నిద్ర పోలేదు. అది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్నాను. అడిగావు కాబట్టి."

"రాంకాతో చెప్పావు కదా. గది, కిటికీ."

"విన్నావా?" దాగ్నీ తలెత్తింది. "విని ఇన్ని నెలలు ఊరుకున్నావా?"

"టిక్కెట్లు కొన్నాను."

ఆమె నవ్వబోయి మానేసింది. "నువ్వు చెడ్డవాడివి కాదు. ఎవరైనా అడిగితే అదే చెప్తాను. ఇంట్లో గాలి ఉన్నట్టు ఉంటావు. లేకపోతే ఊపిరాడదేమో అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. నిన్న ఆడింది."

తొట్టిలో ఎవడైనా ఇలా చెప్పుకుంటే బాల్ద్విన్ దగ్గర బోలెడు సలహాలుండేవి. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. వెళ్ళొద్దు అనాలని ఉంది. ఆ మాటా నోటిదాకా వచ్చింది. బాగా నిద్రపోయిన ఆమె మొహం చూసి, దాన్ని అక్కడే ఉంచుకున్నాడు. సంచీలోంచి కళ్ళజోడు తీసి ఇచ్చాడు. ఆమె పెట్టుకుని, ఫోన్లో వచ్చిన సందేశం చదివి, "గేటు మారింది, పద" అంది.

పోర్తో దాకా కిటికీ సీటు ఆమెకిచ్చాడు. కింద మబ్బులు తప్ప ఏమీ లేవు. అయినా ఆమె చూస్తూనే ఉంది. అతను ఆమె మెడ వెనక నెరిసిన వెంట్రుకలు చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడు నెరిశాయో అతనికి తెలియదు.

నది ఒడ్డు హోటల్లో ఇద్దరికీ ఒకే గది ముందే చెప్పిపెట్టారు. కౌంటర్లో పెద్దాయన వాళ్ళ పేర్లు వెతికి పట్టుకుని, "ఒక గది, పెద్ద మంచం, నది వైపు కిటికీ. సరేనాండీ?" అన్నాడు.

"కాదు. రెండు గదులు కావాలి" అన్నాడు బాల్ద్విన్. స్నానాల గదిలో పనికొచ్చే గొంతు అది, హాలంతా వినిపించింది. సోఫాలో పేపరు చదువుకుంటున్న జంట తల తిప్పి చూసింది. దాగ్నీ అతని వైపు చూసింది. అతను కౌంటరు బల్లనే చూస్తూ, "నది వైపు కిటికీ ఉన్నది ఆవిడకివ్వండి" అన్నాడు.

పెద్దాయన కాస్త తడబడ్డాడు. వెతికాడు. ఉందన్నాడు. "రెండూ పక్కపక్కన ఉండాలా?" అని అడిగాడు.

బాల్ద్విన్ దాగ్నీ వైపు తిరిగాడు. ఈసారి దాగ్నీ చేతులు సంచీ మీద లేవు.

"ఒకే అంతస్తులో ఉంటే చాలు" అంది.

పెద్దాయన రెండు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. దాగ్నీ తనది తీసుకుంది. మిగిలినదాన్ని బాల్ద్విన్ తీసుకున్నాడు.