ఎతెల్వినా టీచర్ ఉంగరపు వేలు

కుడతరి ఊళ్ళో పియానో వాయించగలిగినవాళ్ళంతా ఎతెల్వినా టీచర్ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. వానాకాలం చెమ్మకి వేళ్ళతో నొక్కే మెట్లు ఉబ్బి బిగుసుకుపోకుండా ఆవిడ పియానో పొట్టలో చిన్న బల్బు వెలిగించి ఉంచేది.

ఆవిడ కుడిచేతి ఉంగరపు వేలు చిన్నప్పుడు పియానో మూత కింద నలిగి వంకరపోయింది. అందుకని స్వరాల వరుసలో ఆ వేలు పడాల్సిన చోట బొటనవేలినే మళ్ళీ కిందనుంచి దూర్చేది. వంకర వేలు గాలిలోకి లేచి నిలబడేది.

"నా చెయ్యి చూడకండి, నా మాట వినండి" అని చేరిన రోజే పిల్లలకి చెప్పేది.

వాళ్ళు వినేవాళ్ళు కాదు. ఏడెనిమిదేళ్ళవాళ్ళు చెప్పింది చెయ్యరు, చూసింది చేస్తారు. పదిహేనేళ్ళవాళ్ళు గడియారం చూస్తారు. పెద్దయ్యాక వచ్చినవాళ్ళు పుస్తకంలోంచి తలెత్తరు. ఓడల్లో వంట చేసి ఇంటికి చేరిన కైతాన్ ఈ చివరి రకం. మెట్టు తప్పినప్పుడల్లా "తప్పైపోయింది టీచర్" అనేవాడు.

"పియానోకి చెప్పుకోండి కైతాన్ బాబ్, నాకెందుకు?"

"కూరలో ఉప్పెక్కువైతే కెప్టెన్‌కి చెప్పుకునే అలవాటు టీచర్. ఉప్పుకి చెప్పుకుంటే ఏం లాభం?"

చిన్నపిల్లల వేలు లేచినప్పుడల్లా ఆవిడ పెన్సిలుతో మెల్లగా నొక్కి దించేది. ఒక్క జెలియా అనే పిల్ల వేలు మాత్రం దించలేదు. దించబోయి ఆగింది. తన చెయ్యి మళ్ళీ చిన్నదై ఆ మెట్ల మీద నడుస్తున్నట్టు కనిపించింది. ఆ పిల్ల పెద్దదై, మడగావ్‌లో ఉద్యోగంలో చేరాక కూడా ప్రతి గురువారం సాయంత్రం వచ్చేది. టీచర్ బొలిన్యాలని కొబ్బరి బిస్కెట్లు చేసి ఉంచేది. "నా తర్వాత ఈ పియానో నీదే, ఈ పిల్లలూ నీవాళ్ళే" అని ఎన్నోసార్లు అంది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఒకరికి బడి పరీక్షలు, ఇంకొకరికి దగ్గు. మెలిటా తల్లి "పిల్ల కళ్ళు నొప్పంటోంది టీచర్" అంది.

"వేళ్ళతో వాయించేదానికి కళ్ళేం చేశాయో" అని టీచర్ ఆ గురువారం జెలియాతో అంది.

"ఈ కాలం పిల్లలకి ఓపికెక్కడిది టీచర్? మీరేం మనసులో పెట్టుకోకండి" అంది జెలియా, ఇంకో బొలిన్యా తీసుకుంటూ. ఆ మాటకి టీచర్ ప్రాణం కుదుటపడింది.

చాపెల్ పండగనాడు ప్రార్థన అయ్యాక పిల్లలు కీబోర్డు వాయించారు. ముందు మెలిటా కూర్చుంది. కళ్ళనొప్పి పిల్లలా లేదు. స్వరం పైకి వెళ్ళేసరికి బొటనవేలు కిందికి దూరింది, ఉంగరపు వేలు లేచి నిలబడింది. మానేసేముందు దించిన వేలే కదా, మళ్ళీ ఎలా లేచింది అనుకుంది టీచర్. తర్వాత రాయ్ ఊరినుంచి వచ్చిన పిల్లవాడు కూర్చున్నాడు. టీచర్ వాణ్ణి అదే మొదటిసారి చూడటం. వాడి వేలూ లేచింది.

లోకంలో ఆ వేలు లేచే పెద్దవాళ్ళ చేతులు రెండే. ఒకటి తనది.

గురువారం జెలియా వచ్చింది. బల్ల మీద బొలిన్యాలు లేవు.

"స్వరాల వరుస వాయించు."

"ఇప్పుడా? చిన్నపిల్లల పాఠం!" అని నవ్వుతూ వాయించింది. వేలు లేచింది.

"దించు."

మళ్ళీ వాయించింది. మళ్ళీ లేచింది. మూడోసారికి జెలియా నవ్వు ఆగిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"వాళ్ళే వచ్చారు టీచర్. మీరు ఏడాదంతా స్వరాలే వాయింపిస్తారని వాళ్ళ అమ్మలు... నేను పాటతో మొదలుపెడతాను. మీకు చెబుదామనే అనుకున్నాను."

"ఏ గురువారం?"

జెలియా చూపు బొలిన్యాలు లేని బల్ల మీదికి పోయింది.

"అడిగితే ఇచ్చేదాన్ని కదే! ఎప్పటికైనా నీకేగా? నా బాధ వాళ్ళు నీ దగ్గరికి రావడం కాదు. వాళ్ళు వెళ్ళిపోయారని నేను ఏడుస్తుంటే ఎదురుగా కూర్చుని ఓదార్చావే, అది."

"మీరు బాధపడతారని..."

"బాధపడకుండా చూశావులే." టీచర్ బల్ల మీది పెన్సిలు అందుకుని, మళ్ళీ పెట్టేసింది. "నాది అవిటి వేలు. నీది కాదు, ఆ పిల్లలది అసలే కాదు. వాళ్ళకి సరిగ్గా నేర్పు. వచ్చే గురువారం రాకు."

జెలియా గుమ్మంలో గొడుగు తెరవడానికి చాలాసేపు తంటాలు పడింది. టీచర్ సాయం చెయ్యలేదు.

మర్నాడు కైతాన్ వచ్చి స్వరాల వరుస వాయించాడు. ఏనాడూ టీచర్ చెయ్యి చూడని మనిషి. ఉంగరపు వేలు ఎక్కడ పడాలో అక్కడే పడింది, కట్టె విరిచినంత గట్టిగా.

"తప్పైపోయిందా టీచర్?"

"లేదు" అంది ఆవిడ. "వచ్చేవారం నుంచి గురువారం కూడా రండి. ఆ సాయంత్రం ఖాళీయే."