మెల్లగా మాట్లాడమని రాసిన సలహా

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ వైపు ఒక మరమగ్గాల పట్టణానికి బదిలీ చేశారు. పోస్టు కుటుంబ సలహాదారు. భార్యాభర్తల తగాదా కోర్టు దాకా పోకముందు మా దగ్గరకు వచ్చేది. మాకు తీర్పు చెప్పే అధికారం లేదు. ఇద్దరితో విడివిడిగా ఒక సిట్టింగ్, కలిపి ఒక సిట్టింగ్, తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లి చూడటం, ఆ పైన సలహా రాసి నెల గడువు ఇవ్వడం. గడువు ముగిశాక రాజీ కుదిరిందో లేదో జిల్లా అధికారికి నివేదిక పంపడం.

నేను గుమస్తాగా చేరినవాణ్ని. గ్రంథాలయంలో మనస్తత్వశాస్త్రం అలమార పై అర నుంచి కింది అర దాకా చదివి, దూరవిద్యలో ఎం.ఏ. చేసి, శాఖాపరమైన పరీక్ష రాసి ఈ పోస్టుకు వచ్చాను. పెద్ద కాలేజీల్లో చదివిన సహోద్యోగుల కంటే నేనే ఎక్కువ పుస్తకాలు చదివానన్న గర్వం ఉండేది. అది నిజమే కూడా.

అక్కడ నాకు వచ్చిన మొదటి దరఖాస్తు రాజమణిది. నలభై దాటిన మనిషి, పుట్టిల్లు నిర్మల్. భర్త కనకయ్య ఇరవై ఏళ్లుగా సాంచెలు నడుపుతున్నాడు. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. తాగుడు లేదు, కొట్టడం లేదు. ఆమె ఫిర్యాదు ఒక్కటే. భర్త తనతో మాట్లాడడు. ఇలాగే ఉంటే తాను ఆ ఇంట్లో ఉండలేనని దరఖాస్తులో రాయించింది.

కలిపి కూర్చోబెట్టిన రోజు ఆమె గొంతు వరండా అవతలికి వినిపించింది. అటెండర్ వచ్చి తలుపు దగ్గరికి వేసి పోయాడు. “సూడుండ్రి సార్, ఎట్ల కూసున్నడో! గీయన కన్న మా నిర్మల్ బొమ్మ నయం, దానికి రంగులన్న ఉంటయి!” అంది. కనకయ్య కదలలేదు.

విడిగా మాట్లాడినప్పుడు అతను కుర్చీ దగ్గరగా జరుపుకుని నా ముఖం మీదే చూపు నిలిపాడు. ప్రతిదానికీ “సరే సార్” అన్నాడు. ఆమె మీద కోపం ఉందా అని అడిగితే కూడా “సరే సార్” అన్నాడు. మొహమాటం అనుకున్నాను. కేసు షీటులో ‘శ్రద్ధగా వింటాడు, సహకరిస్తాడు’ అని రాశాను.

మా వైపు ఇళ్లలో గొంతు పెరిగిందంటే కోపమని అర్థం. నా చదువు కూడా అదే చెప్పింది. అందుకే నా సలహా వెంటనే తయారైంది. నెల రోజులు రాజమణి గొంతు పెంచకూడదు. ఎదురెదురుగా కూర్చుంటే మాట వాదనలోకి దిగుతుంది కాబట్టి, రోజూ సాయంత్రం అరగంట ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. ఏ మాటైనా మెల్లగా చెప్పాలి. ఇంటి సందర్శన గడిలో ‘తర్వాత’ అని రాసి సంతకం పెట్టాను. చూడవలసింది కొత్తగా ఏముంటుందని అనిపించింది.

గడువు రోజున ఆమె ఒక్కతే వచ్చింది. గొంతు చాలా తగ్గింది.

“మీరు జెప్పినట్టె చేసిన సార్. పక్కకు కూసుండి మెల్లగ మాట్లాడిన. గట్టిగ ఒర్రినప్పుడన్న ‘ఆఁ’ అనేటోడు, గిప్పుడు గది సుత లేదు. నిన్న అడిగిన, నేను మా తమ్ముని ఇంటికి పోవాల్నా అని. ‘సరే’ అన్నడు.”

మరోసారి ఆలోచించమన్నాను. అప్పటికే బట్టలు సర్దుకున్నానని చెప్పి, నిర్మల్ బస్సు టైమైందని లేచింది.

ఫైలు మూయాలంటే ఇంటి సందర్శన తప్పనిసరి. మర్నాడు కనకయ్య ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. షెడ్డులో ఉన్నాడని చెప్పారు. లోపల సాంచెల చప్పుడుకు నా మాట నాకే వినిపించలేదు. పనివాళ్లు దారం తెగితే వేళ్లతో, చాయ్ కావాలంటే పెదవులతో సైగ చేసుకుంటున్నారు. కనకయ్య వెనక నిలబడి రెండుసార్లు పిలిచాను. అంతలో కరెంటు పోయి షెడ్డంతా నిశ్శబ్దమైంది. మళ్లీ పిలిచాను. అతను తిరగలేదు.

పక్క సాంచె మీద పనిచేసే ముసలాయన నవ్వాడు. “గట్ల మెల్లగ పిలిస్తె ఎవ్వనికి ఇనరాదు సార్. ఇర్వై ఏండ్ల చప్పుడాయె. మా ఊర్ల గుసగుస పెట్టెటోడు లేడు, పెట్టినా ఇనేటోడు లేడు. మా ఇండ్లల్ల ముచ్చటంటేనే ఒర్రుడు. గింత సదివిండ్రు, మీకు తెల్వదా?”

కనకయ్య ఇటు తిరిగి నన్ను చూసి నమస్కారం పెట్టాడు. ఇంట్లో ఏమైందని గట్టిగా అడిగాను. ఎందుకు పోయిందో తనకు తెలియదన్నాడు. నెల నుంచి పక్కన కూర్చుని ఊరికే పెదవులు కదిలిస్తోందని, ముఖం ఎదురుగా కనబడక అర్థం కాలేదని, ఏదైనా పూజేమో అనుకున్నానని చెప్పాడు. అడిగితే మళ్లీ లొల్లి అవుతుందని ‘సరే’ అన్నాడట.

రాజమణికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అతని వినికిడి అంత తగ్గిందని ఆమెకూ తెలియదు. ఆ వాడలో అందరితోనూ గట్టిగానే మాట్లాడాలి కదా. “గీ సంగతి ముందుగాల సూడద్దా సార్?” అంది. తిరిగి రమ్మని నేను మూడుసార్లు అడిగాను, కనకయ్య స్వయంగా వెళ్లి అడిగాడు. పొమ్మన్న మాట చెవిలోంచి పోదని చెప్పి, తమ్ముడి ఇంట్లోనే బీడీలు చుడుతూ ఉండిపోయింది. ‘రాజీ కుదరలేదు’ అని నివేదిక పంపాను.

కనకయ్యను కరీంనగర్ తీసుకుపోయి పరీక్ష చేయించి, చెవి మిషన్ ఇప్పించాను. పెట్టుకున్నాక ఎలా ఉందని అడిగాను. “మంచిగ ఇనవడ్తుంది సార్. ఇంట్ల గడియారం సప్పుడు సుత ఇనవడ్తుంది” అన్నాడు.

మిగిలిన నాలుగేళ్లూ ఎవరు వచ్చినా మొదట వాళ్ల వెనక నిలబడి మామూలు గొంతుతో పేరు పిలిచేవాణ్ని. ఇల్లు చూడనిదే సలహా రాయలేదు. సలహాకు ముందు ఇల్లు చూడాలన్నది మా నియమావళి రెండో పేజీలోనే ఉంది. గ్రంథాలయంలో అన్ని పుస్తకాలు చదివిన నేను, ఆ ఇరవై పేజీలను తీసుకున్నట్టు సంతకం పెట్టి, తెరవకుండానే బీరువాలో పెట్టాను.