బాపు గొంగడి చుట్టిన చెట్టు

నిన్న మా అపార్ట్‌మెంటు చెత్తడబ్బా పక్కన ఎవరో ఒక కుండీని వదిలేసిపోయారు. అందులో మోకాలెత్తు జపాన్ మేపుల్ చెట్టు, ఒక్క ఆకు లేదు. పై అంతస్తు వాళ్ల కోడలు ఎండిపోయిందని పారేసిందట. నాకు ఒళ్లు మండిపోయింది. అరవై ఏళ్ల నాటి మంట అది, ఇంకా ఆరలేదు.

హుజూర్‌నగర్ వైపు కాలువలు తవ్వుతున్న రోజుల్లో మా బాపు ఒక ఇంజనీరు సాబు బంగళాలో తోటమాలి. ఆ సాబు ఎక్కడో చలిప్రాంతం నుంచి ఇలాంటి పొట్టి చెట్టునే తెచ్చి, ఎలాగైనా బతికించమని బాపుకు అప్పగించాడు. మన నల్లగొండ ఎండల్లో దాన్ని బతికించడమంటే మాటలా? గొర్లు కాసే ఇంట్లో పుట్టిన బాపు తన గొంగడినే తడిపి కుండీకి చుట్టి, పొద్దు తిరిగినకొద్దీ నీడకు జరుపుతూ, వడగాలికి తడకలు అడ్డం కట్టి ఆ ఎండాకాలం దాటించాడు. నా ఈడువాళ్లకు తెలుసు, మాకు పరుపూ దుప్పటీ గొడుగూ అన్నీ ఆ గొంగడే. అది కాస్తా చివికిపోయి, ఆ ఏడు ముసుర్లలో బాపు తడుస్తూనే తిరిగాడు.

చలికాలం రాగానే ఆకులన్నీ రాలాయి. చెట్టును చంపావని సాబు అందరి ముందూ తిట్టి, బాపును కొలువులోంచి తీసేసి, కుండీని పెంటకుప్ప మీద వేయించాడు. బాపు గోటితో బెరడు గీకి, "జర చూడుండ్రి సాబ్, లోపల పచ్చగనే ఉన్నది, నిద్రవోయింది గంతే" అని బతిమాలాడు. ఆ మనిషి వంగి చూస్తే నడుమేమైనా విరిగేదా? ఆ పూటే బంగళా వెనక మేముంటున్న గది ఖాళీ చేశాం. పారేసిన కుండీని అమ్మ నెత్తిన పెట్టుకొని పక్క ఊళ్లోని అవ్వ ఇంటికి తెచ్చింది.

శివరాత్రి దాటగానే కొమ్మకొమ్మకూ ఎర్రటి చిగుళ్లు వచ్చాయి. బాపు వట్టి అమాయకుడు, కొలువు మళ్లీ ఇస్తాడన్న ఆశతో నన్ను వెంటబెట్టుకొని కుండీతో సహా బంగళాకు పోయాడు. సాబు దాన్ని వరండాలో పెట్టించుకొని, కొత్త మాలిని పిలిచి నీళ్లు పొయ్యమని చెప్పి, మమ్మల్ని పొమ్మన్నాడు. తిరుగుదారిలో నేను ఏడుస్తుంటే బాపు, "చెట్టు బతికింది గద బిడ్డా, ఊకో" అన్నాడు. నాకు ఆయన మీద కూడా కోపమొచ్చింది.

ఇప్పుడు చెట్లు ఫోను నొక్కితే ఇంటికొస్తున్నాయి, ఎండకు వలలూ వేళ్లకు మందులూ దొరుకుతున్నాయి. గోటితో ఒక్కసారి గీకి చూసే ఓపిక మాత్రం ఆనాటి సాబుకూ లేదు, ఈనాటి వాళ్లకూ లేదు. నిన్న నేను గీకి చూశాను, పచ్చగానే ఉంది. కుండీని నా బాల్కనీలోకి తెచ్చుకున్నాను. శివరాత్రి దాటాక చిగురు చూసి పై అంతస్తు వాళ్లు అడగడానికి వస్తారేమో, రానీ. బాపులాగా నేను తిరిగి ఇవ్వను.