మూరెడు దూరం

మొంపోస్‌ అనే ఊళ్లో వెండి తీగ పనివాళ్ల వీధిలో నికనోర్ పూపో గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఎగిరే దోమను పట్టి, దాని రెక్క ఈనెలు లెక్కపెట్టి, ఆడదో మగదో చెప్పి వదిలేసేవాడట. ఆ దోమ సిగ్గుతో మళ్లీ ఎవరినీ కుట్టేది కాదట. దోమ సిగ్గు సంగతి నేను హామీ ఇవ్వలేను. నిజం మాత్రం ఇంకా వింతైనది. కళ్లద్దాలు లేకపోతే అతనికి బారెడు దూరంలో మేకకూ మేనత్తకూ తేడా తెలిసేది కాదు. అదే, ముక్కుకు రెండు వేళ్ల దూరంలో పెడితే వెంట్రుకలాంటి తీగ మోకులా కనిపించేది.

ఎడమ కన్ను నలభయ్యో ఏటే లోపలి పొర ఊడి ఆరిపోయింది. మిగిలింది కుడి కన్ను ఒక్కటే.

ఆ వీధిలో ఒక పట్టింపు ఉంది. పని బల్లమీద, కంటికి మూరెడు దూరంలో ఉండాలి. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నవాడిని ‘వెండి వాసన చూసేవాడు’ అంటారు. ఆ పేరు పడ్డాక బతుకంతా నవ్వులే. అందుకే నికనోర్ యాభై ఏళ్లు తలుపు మూసుకుని పనిచేశాడు. ఎవరైనా తలుపు తడితే గబగబా కళ్లద్దాలు తగిలించుకుని, పనిని బల్లమీదికి జరిపేవాడు.

పెళ్లికి తన చేత్తో చేసిన లోలాకుల జతలో ఒకటి, భార్య దియోసెలినా పడవ దిగుతుంటే మగ్దలేనా నదిలో పడిపోయింది. "రేపు చేస్తాలే" అన్నాడు. ఆ రేపటికి నలభై ఒక్క ఏళ్లు. ఊళ్లో పెళ్లికూతుళ్లందరికీ చేశాడు గానీ ఆమెకు చేయలేదు.

ఒకరోజు ఆమె అంది: "పోయేటప్పుడైనా రెండు చెవులకీ పెట్టుకుని పోనిస్తావా, ముసలాడా?"

"నువ్వు నన్ను పాతిపెట్టాకే పోతావు" అని నవ్వాడు. నవ్వాడే కానీ మర్నాడే తీగ తీశాడు. అప్పటికే శుక్లం ముదిరి లోకమంతా పాలనీళ్లయింది.

కార్తహేనా నగరంలో కంటి డాక్టర్ యామిలె ఆ కంటిని చాలాసేపు పరీక్షించింది. "తాతా, నీ కన్ను గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా పొడుగ్గా ఉంది. లోతు ఎక్కువ. అందుకే పెద్ద తెరమీద చూస్తూ చేస్తాం. ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుంటాం, ఏది పైనుందో ఏది లోపలుందో తెలుస్తుంది."

"సినిమా అన్నమాట. కన్ను నాది కదా, టిక్కెట్టు డబ్బులు నాకే రావాలి."

ఆమె నవ్వి అడిగింది: "లోపల పెట్టే లెన్సు ఒక్కసారే పెట్టేది. ఏ దూరానికి పెడితే ఆ దూరమే స్పష్టంగా కనిపిస్తుంది. నీ పని కంటికి ఎంత దూరంలో పెట్టుకుంటావు? సరిగ్గా చెప్పు."

గదిలో పక్కింటి బెనిల్దో ఉన్నాడు. అతనూ తీగ పనివాడే, తోడుగా వచ్చాడు. దియోసెలినా విసనకర్ర తెరిచి, మళ్లీ మూసింది.

"మూరెడు" అన్నాడు నికనోర్, మోచేయి చాచి. "అంతకన్నా దగ్గరికి తెచ్చుకునేవాడు పనివాడే కాదు, డాక్టరమ్మా."

ఆపరేషన్ సాఫీగా జరిగిపోయింది. శుక్లం తెరమీద బండిచక్రమంత కనిపించిందని చెప్పింది యామిలె.

ఇంటికొచ్చి, కట్టు విప్పి, కొత్త పల్చటి కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే గుమ్మంలో దియోసెలినా. శుక్లం పట్టినప్పట్నుంచీ, కళ్లద్దాలున్నా సరే, ఆమె దూరంగా ఉంటే పసుప్పచ్చ మబ్బు, దగ్గరికొస్తే ముఖం. ఇన్నేళ్లకి మనిషిని నిలువెల్లా చూడడం అదే మొదలు. ఆమె ఒంటిమీద గౌను కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది.

"ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్ నుంచి. కడుపులో గడ్డ. కోయడానికి లేదన్నారు. నీ కన్ను అయ్యాక చెబుదామని ఆగాను."

ఆ పూటే లోలాకు మొదలుపెట్టాడు. చుట్టూ కట్టే లావు తీగ చట్రం కుదిరింది. లోపల నింపాల్సిన సన్నతీగ దగ్గర కన్ను మొరాయించింది. అలవాటుగా ముక్కు దగ్గరికి తెస్తే అంతా పొగమంచు. చదువుకునే కళ్లద్దాలు పేపరుకే పనికొచ్చాయి. భూతద్దంలో చూస్తే చేతికీ కంటికీ పొత్తు కుదరలేదు. పట్టకారులో ఉన్నది తీగో, తీగ ఉందన్న నమ్మకమో తెలిసేది కాదు. ఇరవై రోజులు తంటాలుపడ్డాడు. టంకం పెట్టిన ప్రతిసారీ తీగ కరిగి ముద్దయింది.

చివరికి చట్రం పట్టుకుని ఆమె మంచం దగ్గర కూర్చున్నాడు. "డాక్టరమ్మకి అబద్ధం చెప్పాను."

"తెలుసు. పక్కనే ఉన్నాగా."

"మరి నోరు విప్పలేదేం?"

"బెనిల్దో ముందా? నీ పరువు పోదూ?" కాసేపు ఊపిరి తీసుకుంది. "యాభై ఏళ్లు నీ ముక్కుమీద వెండిపొడి తుడిచింది ఎవరనుకున్నావు?"

ఆమె ఆ ఖాళీ చట్రాన్ని లాక్కుని చెవికి పెట్టుకుంది. "ఎలా ఉంది?"

"బాగుంది."

"మళ్లీ అబద్ధం."

"మూరెడు దూరం నుంచి బాగుంది" అన్నాడు. చట్రం మధ్యలోంచి ఆమె మెడనరం కొట్టుకోవడం కనిపిస్తోంది.

వానలు మొదలైన వారానికి ఆమె పోయింది. ముందుగదిలో శవపేటిక, వీధి వీధంతా గోడవారన. బెనిల్దో వంగి చూసి గుసగుసలాడాడు: "ఇదేంటన్నా, ఈ చెవిది నింపలేదు? ఇటివ్వు, గంటలో నింపి తెస్తా."

నికనోర్ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. అందరూ చూస్తుండగా వంగి, ఆ లోలాకుకు ముక్కు ఆనించాడు.

"నేను వాసన చూసేవాణ్ణే, బెనిల్దో" అన్నాడు తల ఎత్తకుండా. "ఎప్పుడూ అంతే. ఇది ఆమెకి తెలుసు. డాక్టరమ్మకే చెప్పలేకపోయాను."

ఎవరూ నవ్వలేదు. అతను అలాగే ఉండిపోయాడు. అంత దగ్గరలో, యాభై ఏళ్లు ఒక్కొక్క ముడతా ఎరిగిన ఆ ముఖం అతనికి ఒట్టి మబ్బులా ఉంది.