మండలు కొట్టిన చోట వెలుతురు

డెబ్భైల చివర్లో నేను నందిగామ హైస్కూల్లో మేష్టర్ని. ఆదివారం వస్తే కెమెరా మెడలో వేసుకుని, జగ్గయ్యపేటలో బస్సు మారి, వేదాద్రి దారిలో దిగి అడవిలోకి నడిచేవాణ్ణి. రీలుకు పన్నెండు ఫోటోలే. అందుకని ఒక్కో చెట్టు ముందు అరగంట నిలబడేవాణ్ణి.

మూడో ఆదివారానికి నా వెనక ఎవరో వస్తున్నారని కనిపెట్టాను. మేకలు కాసుకునే మనిషి. చేతిలో దోటి, అంటే పొడుగు కర్రకు కొడవలి కట్టినది. నేను ఆగితే ఆగుతాడు, కదిలితే కదులుతాడు. నాకసలే మనుషుల మీద నమ్మకం తక్కువ. వీడి కన్ను నా కెమెరా మీద పడిందని తేల్చేసుకున్నాను.

ఒకరోజు గిరుక్కున వెనక్కి తిరిగి, "ఏమయ్యా, నా వెనకాల నీకేం పని?" అన్నాను.

"నేనేం చెయ్యలేదండి మేష్టారు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. అప్పటినుంచి కెమెరా సంచిని గుండెలకు హత్తుకునే నడిచాను.

జగ్గయ్యపేట స్టూడియో ఆయన నా ఫోటో ఒకటి పెద్దది చేసి బయట అద్దాల పెట్టెలో పెట్టాడు. దట్టమైన చండ్రచెట్ల మధ్య ఒక్కచోట ఎండ నేల దాకా దిగిన ఫోటో అది. నేను స్టూడియోలో ఉండగా ఫారెస్టు గార్డు ఒకాయన వచ్చి దాన్ని తెగ మెచ్చుకున్నాడు. "ఇంత వెలుతురు ఎక్కడ దొరికిందండీ?" అన్నాడు. వాగు దాటాక నల్లబండకు ఎడమవైపు అని గుర్తులతో సహా చెప్పాను. అందర్నీ అనుమానించే నేను, మెచ్చుకున్నవాణ్ణి మాత్రం అనుమానించలేదు.

మళ్లీ ఆదివారం ఆ మనిషి బండ మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మేకలూ లేవు, దోటీ లేదు.

"మేకలకని మండలు కొట్టుకున్నానండి. గార్డు సరాసరి ఈ చోటికే వచ్చాడు. మందంతా బందెలదొడ్డికి తోలుకుపోయాడు. అయ్యి లేకపోతే మా పొయ్యి వెలగదండి."

తలెత్తి చూశాను. పైన కొమ్మలన్నీ నరికిన మొండాలు. నా వెలుతురు ఆ సందులోంచి దిగిందే. ఫోటోలో ఇవి పడతాయేమోనన్న భయంతోనే ఇన్నాళ్లూ నా వెంట తిరిగాడన్నమాట.

"ఈ చోటు ఎవరు చెప్పారో మీకేమన్నా తెలుసా అండి?"

"నాకేం తెలుసయ్యా," అన్నాను.

నమ్మాడు. "అయితే మా బావమరిదే అయ్యుంటాడండి. ఈ చోటు ఆడికే తెలుసు," అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు.