ఫ్రాంకుల రాణి, మల్లేశు మొక్కు

ఇక్కడ గల్ఫ్‌లో, వలస కార్మికులుండే ఏషియన్ టౌన్‌కి ఎవరైనా సినిమాకో క్రికెట్‌కో వెళ్తారు. పోయిన శుక్రవారం నేను ఒక మనిషి జుట్టు సంగతి తేల్చడానికి వెళ్ళాను. జగిత్యాల మల్లేశు ఒకప్పుడు మేముండే ఉమ్ ఘువైలినా పేటలో మా ఏసీలు బాగుచేసేవాడు, ఇప్పుడు వరల్డ్ కప్ స్టేడియం పనిలో ఉన్నాడు. జ్వరంతో పడున్న కూతురు బతికితే తలనీలాలిస్తానని వేములవాడ రాజన్నకు మొక్కాడు. పిల్ల బతికింది. ఏడాదిగా జుట్టు పెంచుతూ సెలవు కోసం చూస్తుంటే, స్టేడియం పూర్తయ్యేదాకా సెలవుల్లేవన్నారు. పైగా ఆ జుట్టు మీద హెల్మెట్ కూర్చోవడం లేదని, శనివారానికల్లా కత్తిరించకపోతే డ్యూటీకి రావద్దని ఫోర్‌మన్ చెప్పేశాడు.

"ఏం జెయ్యాల్నో సమజైతలేదు సార్, ఒక్కసారి రారాదు" అని ఫోన్ చేశాడు.

మధ్యాహ్నం రెండింటికి సిటీ బస్సెక్కాను. మధ్యలో ఒకసారి మారితే గంటన్నర ప్రయాణం, పోనూ రానూ పది రియాళ్ళలోపే. నేను బళ్ళో చరిత్ర చెబుతాను కనుక ఆదివారం పాఠం కోసం దారిలో ఫ్రాంకుల గురించి చదువుకున్నాను. రోమ్ పడిపోయాక ఇప్పటి ఫ్రాన్స్‌ను ఏలినవాళ్ళు. ఆ తొలి వంశపు రాజులు పుట్టిన దగ్గర్నుంచి జుట్టు కత్తిరించరు. జుట్టు పోతే రాజ్యం పోయినట్టే.

మల్లేశు అక్కడి ఒక కటింగ్ షాపు బయట, జుట్టంతా టోపీలో కుక్కుకుని నిలబడి ఉన్నాడు. చాయ్ తాగుతూ, మొక్కులాంటి జుట్టు ఆ ఫ్రాంకు రాజులకూ ఉండేదని ధైర్యం చెబుదామని క్లోవిస్ రాజు భార్య క్లొటిల్డ్ కథ ఎత్తుకున్నాను. రాజు పోయాక ఆమె, చనిపోయిన ఒక కొడుకు పిల్లల్ని, ముగ్గురు మనవళ్ళను పెంచుతోంది. రాజ్యం కోసం ఆమె మిగతా కొడుకులే ఆ పిల్లల్ని పట్టుకుని, ఆమెకు ఒక కత్తెర, ఒక కత్తి పంపారు. ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. దుఃఖంలో ఆమె, రాజ్యం లేకుండా జుట్టు తీయించుకున్న మనవళ్ళకంటే చచ్చిన మనవళ్ళే నయమంది. ఇద్దర్ని చంపేశారు.

ఓదార్చబోయి పుండు మీద కారం చల్లానని అప్పుడు అర్థమైంది. మల్లేశు గ్లాసు కింద పెట్టి భార్య లక్ష్మికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు, కథంతా ఆమెకు చెప్పాడు.

"గామెకు మనవలకంటె ఎంటికలే ఎక్కువైనయా?" అంది లక్ష్మి. "నువ్వు పైకెల్లి పడితె రాజన్నకేమియ్యాలె? తీసెయ్యి. మూట గట్టి పంపు, నేను తీస్కపోత."

"మొక్కు తప్పితె పిల్లకేమన్న అయితదేమో."

"పిల్లకు నువ్వు గావాలె. రాజన్నకు గది ఎరుక లేదా?"

మల్లేశు ఫోన్ పెట్టేశాడు. తర్వాత, "మూడో మనవడేమైండు సార్?" అన్నాడు.

"తన జుట్టు తనే కత్తిరించుకుని సన్యాసుల్లో కలిశాడు. బతికాడు."

మల్లేశు లోపలికి వెళ్ళి, మంగలి చేతిలో కత్తెర తీసుకుని, తూర్పుకు తిరిగి దండం పెట్టుకుని, మొదటి పాయ తనే కత్తిరించుకున్నాడు.

ఇన్నేళ్ళుగా ఆ రాణి జవాబును పౌరుషమని పిల్లలకు పాఠం చెప్పాను. బతికుంటే బలుసాకు తినొచ్చన్న మాట లక్ష్మికి తెలిసినంత నాకు తెలియలేదు. ఆ ఇల్లాలి మీద నాకు గౌరవం కలిగింది. శనివారం మల్లేశు హెల్మెట్ పెట్టుకున్న ఫోటో పంపాడు. "సక్కగ కూసున్నది సార్" అని రాశాడు. అతను పసుపు గుడ్డలో కట్టి ఇచ్చిన జుట్టు మూట నా బల్ల మీద ఉంది. వేసవి సెలవుల్లో లక్ష్మి చేతికిస్తాను.

మీరూ ఏషియన్ టౌన్‌కి వెళ్తే ఒక్క సలహా. ఇలాంటి మూట ఎవరైనా చేతిలో పెడితే, విమానంలో పెద్ద పెట్టెలో వేయకండి. ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళండి.